మోకాళ్ల నొప్పుల మిషన్

మొదటి కాన్పు తర్వాత నేను వాడిన పాల పంపు గుర్తొస్తే ఇప్పటికీ నా భుజాలు వాటంతటవే దగ్గరికి ముడుచుకుంటాయి. చేత్తో నొక్కే రకం అది. పళ్లు బిగబట్టి, కళ్లు మూసుకొని ఎంతసేపు నొక్కినా సీసా అడుగు తడిసేది, అంతే. కాలేజీలో మళ్లీ చేరిన కొన్నాళ్లకే పాలు ఆగిపోయాయి. మా వాడు డబ్బా పాల మీద పెరిగాడు. బాగానే పెరిగాడు, ఇప్పుడు ఒకటో తరగతిలో తోటి పిల్లల్ని కింద పడేసి మీద కూర్చునేంత బలంగా ఉన్నాడు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. కానీ పాలు ఆగిపోయిన ఆ రోజుల్లో నేను ఎంత ఏడ్చానో నాకే తెలుసు. వాడి కోసం కాదు, నా కోసమే. సాయంత్రం ఇంటికొచ్చి వాణ్ణి ఒళ్లోకి తీసుకుంటే వాడు మొహం తిప్పుకొని సీసా ఎక్కడుందో వెతుక్కునేవాడు.

రెండోసారి అట్లా కానివ్వొద్దని బిడ్డ కడుపులో ఉండగానే అనుకున్నాను. నాకు కావలసింది ఒక్కటే. కాలేజీకి పోవాలి, పాలు ఆగొద్దు. దానికి నొప్పి పుట్టని పంపు ఒకటి దొరకాలి. చందమామను తెచ్చిమ్మని అడిగినట్టు ఏం కాదు కదా, దొరుకుతుందనే అనుకున్నాను.

నేను కరీంనగర్‌లో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తాను. క్షీరదాల పాఠం వచ్చినప్పుడు బోర్డు మీద పాలగ్రంథుల బొమ్మ వేసి, నాళాలకు ఒక రంగు చాక్‌పీసు, గ్రంథికి ఇంకో రంగు చాక్‌పీసు వాడి, అరవై మంది పిల్లల ముందు గొంతెత్తి పాఠం చెప్తాను. వాళ్లు బుద్ధిగా రాసుకుంటారు. గబ్బిలం పాలు, తిమింగలం పాలు, కంగారు పాలు, అన్నీ పరీక్షలో వస్తాయి. మనిషి పాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఊరు ఊరంతా మూగదైపోతుంది.

ముందు మా ఆయన్ను మందుల దుకాణానికి పంపాను. గ్రైప్ వాటర్ తెచ్చాడు. మళ్లీ పంపాను. దూది తెచ్చాడు. "దుకాణంల మనుషులున్నరు" అన్నాడు, అక్కడ మనుషులుండడం ఏదో వింతైనట్టు. చివరికి నేనే పోయాను. దుకాణమాయన నేనడిగింది విని, లోపలికి పోయి, పై అరలోంచి ఒక డబ్బా దించి, నేను చూడకముందే పేపర్లో చుట్టి, దాన్ని నల్ల కవర్లో వేసి, ఆ కవర్‌ను ఇంకో నల్ల కవర్లో వేశాడు.

"నొప్పి పెడుతుందా?" అని అడిగాను.

"మెత్తగుంటది మేడం," అన్నాడు సీలింగ్ ఫ్యాన్ వైపు చూస్తూ.

"వాడినవాళ్లు ఎవరైనా చెప్పారా?"

"ఎవలూ వాపస్ తేలే మేడం."

ఎట్లా తెస్తారు? తెచ్చి ఏమని చెప్తారు? నేను కూడా వాపస్ తీసుకుపోలేదు. కరెంటుతో నడిచేది కాబట్టి చేతి నొప్పి లేదు, అంతే తేడా. మిగతా నొప్పి అంతా అట్లాగే ఉంది, పైగా ఆగకుండా వస్తుంది. మా అత్త ఊళ్లో ఉన్నన్నాళ్లు బర్రెలు సాదిన మనిషి. నేను పంపుతో పడే అవస్థను తలుపు దగ్గర నిలబడి కాసేపు చూసి, "బర్రెకైనా ముందు దూడను ఇడువాలె, అప్పుడే పాలు సేపుతది. గా పిలాస్టిక్ ముక్కను చూసి ఏ బర్రె సేపుతదే?" అంది. నేను బర్రెను కానని చెప్పాలనుకున్నాను గానీ ఆ సమయంలో నా వాదన నాకే బలంగా అనిపించలేదు.

నాతో చదువుకున్న ఒకామె గల్ఫ్‌లో నర్సుగా ఉంది. ఫోన్ చేస్తే నవ్వింది. తప్పు పంపుది కాదట, రొమ్ముకు ఆనించే కప్పుదట. చెప్పుల లాగే దానికీ సైజులుంటాయట, నాకు సరిపోని కప్పు పెట్టుకొని ఒళ్లు చెడగొట్టుకుంటున్నానట. ముందు కొలుచుకొమ్మంది. కొలవడానికి ఇంట్లో ఏముంటుంది? మా వాడి స్కూలు బ్యాగులోంచి ప్లాస్టిక్ స్కేలు తీశాను. గది తలుపు దగ్గరికి వేసి, అద్దం ముందు నిలబడి, ఒంటి మీద స్కేలు పెట్టుకొని మిల్లీమీటర్లు లెక్కపెట్టుకుంటున్నప్పుడు మా అత్త చాయ్ తెచ్చింది. నన్ను చూసింది. స్కేలును చూసింది. చాయ్ కిటికీలో పెట్టి, వచ్చినంత నెమ్మదిగా వెళ్లిపోయింది. వంటింట్లోంచి మా ఆయనతో అంటున్న మాట వినబడింది. "నీ పెండ్లానికి నిద్ర సరిపోతలేదు కొడుకా. జర చూసుకో."

నా సైజు కప్పులు ఉన్న పంపు ఇక్కడ దుకాణాల్లో లేదు, ఆన్‌లైన్లో లేదు. గల్ఫ్‌లో ఉంది. గల్ఫ్‌లో మా మరిది కూడా ఉన్నాడు. కాబట్టి ఆ భారం మరిది నెత్తిన పడింది. మా ఆయన ఆ మిషన్ బొమ్మను ఫోన్లో పంపితే మరిది జవాబుగా దండం బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాడు. అది ఒప్పుకోవడమో, వేడుకోవడమో మాకు అర్థం కాలేదు. రెండు రోజులకు "కొన్న" అని మాత్రం రాశాడు.

మా దగ్గర గల్ఫ్ సామాను పోస్టులో రాదు. వచ్చేవాళ్లతో వస్తుంది. ఎవరు సెలవు మీద వస్తుంటే వాళ్ల అట్టపెట్టెలో రూములో ఉన్నవాళ్లందరూ తలా ఒక పార్సిల్ దూరుస్తారు. వచ్చినవాడి ఇంటికి మనం పోవాలి, చాయ్ తాగాలి, మనవాడు అక్కడ బక్కచిక్కిండా, ఒళ్లు చేసిండా విని, పార్సిల్ తెచ్చుకోవాలి. మరిది రూములో ఉండే ఒకతను ఇంట్లో బిడ్డ పుట్టిందని తెలిసి అర్జంటుగా బయలుదేరాడు. వాళ్లది నిర్మల్ దాటాక భైంసా వైపు ఒక ఊరు. మరిది పంపు డబ్బాను పారేసి, మిషన్‌ను తువ్వాలలో చుట్టి, దాని మీద టేపు తిప్పి తిప్పి వేసి అతనికిచ్చాడు. ఇందులో ఏముందని అతను అడిగాడట. సహజంగా అడుగుతాడు, విమానంలో తీసుకుపోయేవాడు. వదిన పాల పంపు అని మా మరిది ఎట్లా చెప్తాడు? "మోకాళ్ల నొప్పుల మిషన్" అని చెప్పాడు.

ఆ సంగతి మాకు తెలియదు. అతను వచ్చి, బిడ్డను చూసి, వారం తిరక్కముందే మళ్లీ పోయాడని, పార్సిల్ వాళ్ల ఇంట్లో ఉందని మాత్రమే తెలిసింది. ఇంట్లో వాళ్ల బాపు ఉంటాడన్నారు. నేను కాలేజీలో చేరాల్సిన రోజు దగ్గరికొచ్చింది. మా ఆయన స్పీకర్ పెట్టి ఆ పెద్దాయనకు ఫోన్ చేశాడు.

"పెద్దాయనా, మా తమ్ముడు పంపిన పార్సిల్ మీ ఇంట్ల ఉన్నదట గదా. వచ్చి తీస్కపోతం."

"ఉన్నది సారూ. మోకాళ్ల మిషనే గదా? మస్తు పనిచేస్తున్నది."

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"పనిచేస్తున్నదా?" అన్నాడు మా ఆయన.

"మా పోరడు పోయేటప్పుడు చెప్పి పోయిండు, బాపూ ఒకపారి నువ్వు పెట్టుకొని చూడు, మంచిగుంటే నీకూ ఒకటి తెస్తా అని. పెట్టుకున్న. ఎడమ మోకాలు గుంజి పట్టింది సారూ! లోపలున్న నొప్పంత బయటికి గుంజుతది. ఎనకట కొమ్ములు పెట్టి చెడు నెత్తురు గుంజేటోళ్లు వస్తుండె చూడు, గట్లనే. ఇది కరెంటుది గంతే. జర ఆగుండ్రి, కుడిది గూడ చూసుకొని ఇస్త."

నేను మా ఆయన మోచెయ్యి గిల్లాను. ఉన్నదున్నట్టు చెప్పు అని సైగ చేశాను. ఆయన ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి, "ఏమని చెప్పాలె? మా బాపు వయసాయన!" అని గుసగుసలాడి, ఫోన్లోకి తిరిగి, "అది మా అవ్వ కోసం తెప్పించినం పెద్దాయనా. ఆమె మోకాళ్లతోని శానా పరేషాన్ అయితున్నది," అన్నాడు.

"నా మోకాళ్లకేమైందిరా?" అని వంటింట్లోంచి మా అత్త అరిచింది. ఆమె అప్పుడు నేల మీద బాసింపట్టు వేసుకొని కూరగాయలు తరుగుతుంది. నేను చూస్తుండగా చెయ్యి కూడా ఆనించకుండా లేచి వచ్చింది.

తర్వాతి ఫోన్లో పెద్దాయన ముందు మా అత్త మోకాళ్ల మంచిచెడ్డలు అడిగాడు. నువ్వుల నూనె రాయమన్నాడు. కుడిది ఇంకా నయం కాలేదన్నాడు. ఆ తర్వాత ఫోన్లో ఎడమదానికి మళ్లీ వచ్చిందన్నాడు. ఈలోగా మా అత్త మోకాళ్లు పోయిన వార్త ఆ ఊరి నుంచి గల్ఫ్‌కు, గల్ఫ్ రూము నుంచి మళ్లీ మా చుట్టాలకు చేరింది. జగిత్యాల నుంచి ఒక పెద్దమ్మ నూనె సీసా పట్టుకొని పరామర్శకు వచ్చింది. అంతదూరం వచ్చిన మనిషిని నొప్పించడం ఎందుకని మా అత్త ఆ పూటంతా కుర్చీలో కూర్చొని కాళ్లకు నూనె రాయించుకుంది. పెద్దమ్మ పోయేటప్పుడు గేటు దాకా కుంటుతూ సాగనంపింది. తిరిగొచ్చి నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను.

కాలేజీ సోమవారం. ఆదివారం పొద్దున నేను చంటిపిల్లను ఒళ్లో వేసుకొని కారులో కూర్చున్నాను. ఇక ఫోన్లు వద్దు, నేనే చెప్తాను అన్నాను. దారి పొడుగునా ఏమని చెప్పాలో అనుకుంటూనే ఉన్నాను. పెద్దాయనా, అది మోకాళ్లది కాదు. పెద్దాయనా, నేను జువాలజీ మేడమ్‌ను, సిగ్గుపడకుండా చెప్తున్నాను. నిర్మల్ దాటాక పత్తి ట్రాక్టర్లు అడ్డం వచ్చాయి. లోడు మీద లోడు, దారి మీద దూది రేగుతుంది. మా ఆయన హారన్ కొట్టీ కొట్టీ విసుగెత్తాడు. నేను పిల్లకు పాలిచ్చుకుంటూ, రేపు ఈ వేళకు ఇది ఎవరి చేతిలో ఉంటుంది, ఏం తాగుతుంది అని ఆలోచించాను. సంచిలో మందుల దుకాణం పంపు ఉంది. దాన్ని తలచుకుంటేనే ఒళ్లు జలదరించింది.

ఊరి మొదట్లోనే పెద్దాయన కనబడ్డాడు. ఆయనేనని మాకు అప్పటికి తెలియదు. నెత్తి మీద గడ్డిమోపు పెట్టుకొని, వెనక కుక్క పరుగెత్తాల్సి వచ్చేంత వడిగా నడిచిపోతున్నాడు. మా ఆయన అద్దం దించి ఇల్లెక్కడ అని అడిగాడు. ఆయన మమ్మల్ని చూశాడు. కారు మీది కరీంనగర్ నంబరు చూశాడు. గడ్డిమోపు దించాడు, ఎడమ మోకాలు పట్టుకున్నాడు, "అవ్వో" అన్నాడు, కుడికాలు కుంటుతూ మాకు దారి చూపించాడు.

ఇల్లు చిన్నది, శుభ్రంగా ఉంది. ముందు గదిలో మమ్మల్ని కూర్చోబెట్టి తానే చాయ్ పెట్టబోయాడు. భార్య చనిపోయి చాలా కాలమైందట. మేం వద్దన్నాం. లోపలి గదిలోంచి ఒక చప్పుడు వస్తుంది. గుర్రుమని గుంజి, టక్కున వదిలి, మళ్లీ గుర్రుమని గుంజే చప్పుడు.

"మిషన్ ఏడున్నది పెద్దాయనా?" అన్నాడు మా ఆయన.

"లోపలున్నది."

"మోగుతున్నది గదా. ఎవలన్న పెట్టుకున్నరా?"

పెద్దాయన తన రెండు మోకాళ్ల వైపు చూసుకున్నాడు. రెండూ మా కళ్లముందే ఉన్నాయి.

"ఎవలు పెట్టుకుంటరు సారూ? ఊకెనే మోగుతది. గల్ఫ్ మాల్ గదా."

నేను పిల్లను భుజానేసుకొని లేచాను. పెద్దాయన గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. నేను ఆగలేదు. ఆయన ఒక క్షణం నా భుజం మీది పిల్లను చూసి, తల వంచుకొని పక్కకు జరిగాడు.

లోపల గోడకు ఆనుకొని ఒకమ్మాయి కూర్చుంది. ఆయన కోడలు. ఇరవై ఏళ్లు దాటాయో లేదో. భుజాల చుట్టూ తువ్వాల, తువ్వాల కింద నా పంపు. పక్కన పాత చీర మడతల్లో ఒక పసిగుడ్డు, పిల్లికూన అంత ఉంటుంది. దాని పక్కన ఉగ్గుగిన్నె. నన్ను చూసి ఆ అమ్మాయి గొట్టాలతో సహా లేవబోయింది.

"కూర్చో," అన్నాను. నేను కూడా ఎదురుగా కూర్చున్నాను.

"నెలలు నిండకముందే పుట్టిందక్కా," అంది ఆ అమ్మాయి నేలవైపు చూస్తూ. "చప్పరించే బలం లేదు. రెండు గుక్కలు గుంజి నిద్రపోతది. పిండి గిన్నెతోని పట్టుమన్నరు దవాఖానల. చేతితోని పిండితే రాకపోయె. నర్సమ్మ లోపల నాకు గిసొంటి మిషనే చూపించి, బయటికొచ్చి, తెచ్చుకోండ్రి, లేకుంటే పిల్ల కష్టం అని మా మామ ముంగటనే మొత్తుకున్నది."

"మీ ఆయనకు చెప్పలేదా?"

"నర్సమ్మ చెప్పేటాళ్లకే ఆయన మామకు మిషన్ ఇచ్చి, మోకాళ్లది అని చెప్పి పోయిండు. మేం దవాఖానల ఉన్నం అప్పుడు. ఇంటికొచ్చినంక మామ టేపు ఇప్పి మోకాలుకు పెట్టుకున్నడు. నేను చూసిన. నేను చూసింది మామ చూసిండు."

"మరి మామకు చెప్పినవా?"

"మామకెట్ల చెప్తనక్కా?" ఆ అమ్మాయి తలెత్తింది. "అత్త లేదు, నా తల్లి లేదు. మామనే తీసి, బిడ్డా ఇది కడిగి లోపల పెట్టు, నాకు మల్ల పొద్దుగూకేదాక అక్కర లేదు అన్నడు. తెల్లారి గట్లనే అన్నడు. తర్వాత మోకాలుకు పెట్టుకునుడు బంద్ జేసిండు. కడిగి లోపల పెట్టుమనుడు మాత్రం బంద్ జెయ్యలే."

నిజం చెప్తున్నాను, నాకు ముందు జాలి కలగలేదు. కోపం వచ్చింది. నా కోసం స్కేలు పెట్టి కొలుచుకున్న సైజు, నా కోసం సముద్రం దాటి వచ్చిన మిషన్. రేపు పొద్దున నేను కాలేజీకి పోవాలి. నాకూ బిడ్డ ఉంది.

"నొప్పి పెడుతుందా?" అని అడిగాను.

"లేదక్కా. పెట్టుకున్నట్టే ఉండదు."

నాకు కడుపు మండిపోయింది. ఇంతలో నా పిల్ల భుజం మీద కదిలి, నోరు తెరిచి నా మెడ చప్పరించడం మొదలుపెట్టింది. అక్కడే కూర్చొని పాలిచ్చాను. బలమైన పిల్ల, గుటకల చప్పుడు గదంతా వినబడుతుంది. ఆ అమ్మాయి తన పని మర్చిపోయి నా పిల్ల దవడలు కదలడం చూస్తుంది. అంత ఆశగా ఎవరైనా ఎవరినైనా చూడడం నేను అంతకుముందు చూడలేదు. నేను చీర కొంగు సర్దుకొని నా పిల్లను దాచాను, చూపించడానికే సిగ్గేసి.

బయటికొస్తే పెద్దాయన గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాడు. మా ఆయన అప్పటికే వాకిట్లోకి పోయాడు.

"నిర్మల్‌కు పోయిన బిడ్డా," అన్నాడు పెద్దాయన గోడతో. "మందుల దుకాణంల నిలవడ్డ. ఏమని అడగాలె? నా ఎనక ఇద్దరు ఆడోళ్లు నిలవడ్డరు. మోకాళ్ల గోలీలు ఇయ్యిమన్న." గోడ మీది సున్నాన్ని గోటితో గీకాడు. "నీ సొమ్ము నువ్వు తీస్కపో. తప్పయింది." తర్వాత లోపలికి వినబడేట్టు, "బిడ్డా, కడిగి మేడమ్‌కు ఇయ్యి," అన్నాడు.

లోపల మోటారు ఆగిపోయింది.

దారి పొడుగునా తయారుచేసుకున్న మాటల్లో ఒక్కటీ పనికిరాలేదు.

"ఉండనీయండి పెద్దాయనా," అన్నాను. "మోకాలు మొత్తం నయమైనంకనే పంపండి. మా అత్తకు తొందరేం లేదు."

ఆయన గోడవైపు నుంచి తిరగలేదు. తువ్వాలతో మొహం మాత్రం తుడుచుకున్నాడు. కారెక్కాక మా ఆయనకు అంతా చెప్పాను. ఆయన కారు స్టార్ట్ చేయబోయి ఆగి, "మరి మనకెట్ల?" అన్నాడు. "పాతది ఉంది కదా" అన్నాను. ఆ మాట అనడం తేలికే.

కాలేజీలో నాకు దొరికిన చోటు జువాలజీ ల్యాబ్ వెనక స్టోర్ రూం. ఫార్మలిన్ సీసాల్లో కప్ప, కట్లపాము, రెక్కలు ముడుచుకున్న గబ్బిలం. వాటి ఎదురుగా స్టూలు వేసుకొని మందుల దుకాణం పంపు పెట్టుకునేదాన్ని. దాన్ని చూడగానే ఒళ్లు బిగుసుకునేది, బిగుసుకుంటే పాలు చేపవు, చేపకపోతే అది ఇంకా గట్టిగా గుంజేది. మా అత్త చెప్పింది అక్షరాలా నిజం. సీసాలోకి వచ్చేవి చూస్తే ఏడుపొచ్చేది. సాయంత్రాలు మా అత్త నాకు కనబడకుండా డబ్బా పాలు కలపడం మొదలుపెట్టింది. కలిపిన చెంచాను కడిగి బోర్లించేది గానీ నాకు వాసన తెలిసేది. మళ్లీ అదే దారిన పోతున్నానని అర్థమై భయం వేసేది. కొన్ని రోజులు ఆ పెద్దాయన మీద, ఆ అమ్మాయి మీద, నా మంచితనం మీద కూడా కోపం వచ్చేది. మిషన్ వాపస్ తెమ్మని మా ఆయనతో అనబోయి నోరు మూసుకున్న రోజులున్నాయి. మరిది ఇంకోటి కొనిపెట్టాడు. కానీ తెచ్చేందుకు అక్కణ్ణుంచి వచ్చేవాళ్లు లేరు.

పెద్దాయన మాత్రం ఫోన్లు ఆపలేదు. ఇప్పుడు నాకే చేసేవాడు.

"మోకాలు మంచిగున్నది బిడ్డా. రాత్రి నిద్రపోయింది."

"సంతోషం పెద్దాయనా."

"మొన్న దవాఖానల తూకం ఏసిండ్రు. మోకాలు బరువు పెరిగింది."

పక్కనుంచి మా వాడు, "అమ్మా, మోకాలు బరువు ఎట్ల చూస్తరు?" అని అడిగాడు. జువాలజీ చెప్పే తల్లి వాణ్ణి పోయి హోంవర్క్ చేసుకొమ్మంది.

ఒక సాయంత్రం మళ్లీ ఫోన్ చేశాడు. "బిడ్డా, నిన్నటి సంది మోకాలు సొంతంగ తాగుతున్నది. గిన్నె ముట్టుతలేదు. తల్లిని ఇడుస్తలేదు." ఫోన్ పెట్టేశాక నేను నవ్వాను, ఏడ్చాను, మా అత్త వచ్చి ఏమైందని అడిగితే మోకాలు నయమైందన్నాను. ఆమె కూడా కొంగుతో కళ్లొత్తుకుంది.

మర్నాడు నేను సెకండ్ ఇయర్ పిల్లలకు ప్రాక్టికల్ చేయిస్తున్నాను. ల్యాబ్ గుమ్మంలో పెద్దాయన ప్రత్యక్షమయ్యాడు. తెల్లటి ధోవతి, చంకలో పత్తి విత్తనాల కంపెనీ సంచి. పొద్దున్నే మొదటి బస్సు ఎక్కి, నిర్మల్‌లో మారి, కరీంనగర్ బస్‌స్టాండ్ నుంచి నడిచి వచ్చాడట, బోర్డుల మీద కాలేజీ పేరు చూసుకుంటూ, ఒకర్నీ దారి అడక్కుండా. పిల్లలంతా మైక్రోస్కోపుల మీది నుంచి తలలెత్తారు. ఆయన వాళ్లను చూసి నాలుక కరుచుకున్నాడు.

"మోకాళ్ల మిషన్ తెచ్చిన మేడం," అన్నాడు గట్టిగా, అందరికీ వినబడేట్టు. తర్వాత సంచి నా చేతికిస్తూ గొంతు తగ్గించి, "కోడలు అన్నీ ఉడకబెట్టి పంపింది," అన్నాడు.

గంట కొట్టగానే పిల్లల్ని పంపేసి స్టోర్ రూంలోకి పోయి గొళ్లెం పెట్టుకున్నాను. కప్పు పెట్టుకొని కాసేపు ఊపిరి బిగబట్టి కూర్చున్నాను, నొప్పి ఎప్పుడు మొదలవుతుందా అని. మొదలు కాలేదు. అయినా ఏమీ రాలేదు. అన్నాళ్ల భయం ఒంట్లో ఉంది కదా, అది పోవాలి. కళ్లు మూసుకొని నా పిల్లను తలచుకున్నాను. చివరికి పాలు చేపాయి. సీసాలో చుక్కలు కాదు, సన్నటి ధారలు పడుతున్న చప్పుడు. నాకు ఇంకా పాలున్నాయి. ఆగిపోలేదు. ఫార్మలిన్ సీసాల ముందు కూర్చొని చప్పుడు కాకుండా ఏడ్చాను.

అప్పుడు బయట చెప్పుల చప్పుడు వినిపించింది. ప్రిన్సిపాల్ సారు నడక అది, నాకు తెలుసు. తలుపు ముందు ఆగింది.

"లోపల ఏం మిషన్ మోగుతుంది? ఎవరున్నారు?"

నేను స్విచ్ మీద చెయ్యి వేశాను. ఆపబోయాను. అంతలో పెద్దాయన గొంతు వినబడింది. వెళ్లిపోయాడనుకున్నాను. తలుపు పక్కనే నేల మీద కూర్చున్నట్టున్నాడు, లేస్తుంటే గోడకు చెయ్యి రాసుకున్న చప్పుడైంది.

"మేడం బిడ్డకు పాలు తీస్తున్నది సారూ," అన్నాడు. ఆ మాట ఎక్కడా తడబడలేదు. "పిల్ల ఇంట్ల ఉన్నది, గందుకే మిషన్ పెట్టుకున్నది. జర టైం పడ్తది. అయినంక వస్తది, మీరు పొండ్రి."

ప్రిన్సిపాల్ సారు, "అట్లనా," అన్నాడు. చెప్పుల చప్పుడు వరండా చివరికి పోయింది. పెద్దాయన మళ్లీ కూర్చున్నాడు. నేను స్విచ్ మీంచి చెయ్యి తీసేసి, నిండిన సీసా పక్కన పెట్టి రెండోది బిగించుకున్నాను.